నురగ కుదురుకునేదాకా

అత్తగారికీ అల్లుడికీ నాలుగేళ్ళుగా మాటల్లేవు. పోట్లాట ఏమీ లేదు. ఆవిడ వచ్చినప్పుడల్లా టీ పెట్టి ఇస్తుంది, అతని చొక్కా గుండీ ఊడితే కుడుతుంది, వాన మొదలైతే అందరి బట్టలతోపాటు అతనివీ తీసి మడతపెడుతుంది. మాట మాత్రం నేరుగా అనదు. కూతురు ఆసుపత్రిలో చేరాక ఇల్లు చూసుకోవడానికి పెట్టె సర్దుకుని వచ్చిందిగానీ, వచ్చిన రోజే చిక్కొచ్చిపడింది. ఇంట్లో ఉన్నది ఇద్దరే. మధ్యవర్తి ఎవరూ లేరు. ఆవిడ అటూ ఇటూ చూసి, హాల్లో ఉన్న ఉప్పునీటి చేపలతొట్టిని ఎంచుకుంది.

"చేపలూ, మీ అయ్యగారికి చెప్పండి. టీ చల్లారిపోతోంది."

అల్లుడు సెలూన్ నడుపుతాడు. రోజంతా ముక్కూ మొహం తెలియనివాళ్ళతో కబుర్లు చెప్పే మనిషి. అతనికి ఇదో లెక్కా! "చేపలూ, అత్తయ్యగారికి చెప్పండి. వచ్చేస్తున్నానని," అన్నాడు.

ఆవిడ పెదవి చివర ఏదో కదిలింది. వెంటనే సర్దుకుంది. ముప్ఫై ఏళ్ళు బడిలో డ్రిల్లు టీచరుగా చేసి, ఎండలో వందలమంది పిల్లల్ని ఒక్క ఈలతో వరసలో నిలబెట్టిన మనిషి. మొహాన్ని నిలబెట్టుకోలేదా?

తొట్టి అల్లుడిది కాదు, అతని భార్యది. ఆమె కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు చెక్కి ఫ్రేముల్లో బిగిస్తుంది. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఊరుకోదు. అతని సెలూన్ పక్కనే ఆమె దుకాణం. అలా పరిచయమై, పెళ్ళయ్యాక కూడా అతను ఆమెను "అద్దాలూ" అనే పిలుస్తాడు, ఆమె అతన్ని "కత్తెరా" అంటుంది. తొట్టిలో తెల్లచారల జోకరు చేపల జంట ఒకటి, పళ్ళెంలా పలచగా ఉండే పసుపుపచ్చ చేప ఒకటి, రాళ్ళమీద గాలికి ఊగినట్టు ఊగే మెత్తటి పగడపు గుబుర్లు కొన్ని. పసుపుదాని పేరు నిమ్మకాయ. ఇల్లు కూలినా నిమ్మకు నీరెత్తినట్టు తిరిగే స్వభావం దానిది.

ఏడో నెలలో ఆమెకు ఉన్నట్టుండి బీపీ పెరిగి కాళ్ళు పొంగాయి. డాక్టరమ్మ ఇంటికి పంపనంది. కాన్పు అయ్యేదాకా ఆసుపత్రి మంచమే, ఆందోళన పడకూడదు, గట్టిగా నవ్వినా సరే జాగ్రత్తగా నవ్వాలి అంది. గోరుచుట్టు మీద రోకటిపోటులా అదే వారం తొట్టి కింద బీరువాలో ఉన్న పాత స్కిమ్మరు మోటారు కాలిపోయింది.

స్కిమ్మరంటే పొడుగాటి ప్లాస్టిక్ గొట్టం. మోటారు నీళ్ళలోకి గాలి కలిపి పిండిలాంటి సన్నటి బుడగలు చేస్తుంది. చేపల మలినం, తినగా మిగిలిన మేత, ఆ జిడ్డంతా బుడగలకు అంటుకుని నురగై పైకెక్కి, మెడ దాటి ఒక కప్పులో పడుతుంది. ఆ కప్పు పారబోస్తే నీళ్ళు తేటగా ఉంటాయి. అది లేకపోతే చేపలు తమ మురికిలో తామే ఉడుకుతాయి. ఆసుపత్రి మంచం మీద నుంచే ఆమె కొత్తది తెప్పించింది. బిగించడం మాత్రం కత్తెర వంతైంది.

"కింద చిన్న తొట్టి ఉంది కదా, అందులో నిలబెట్టు. కప్పుకి గొట్టం తగిలించి పక్కన బకెట్లో వదులు. పైన మరను పూర్తిగా తెరిచి ఉంచు. తర్వాత చేతులు కట్టుకుని కూర్చో," అని ఫోనులో చెప్పింది.

అన్నీ చేశాడు, చివరిది తప్ప. మోటారు గుర్రుమంది, గొట్టంలో తెల్లటి బుడగలు సుడులు తిరిగాయి. మెడలోకి మాత్రం ఒక్క నురగ చుక్క ఎక్కలేదు. మర కొంచెం బిగించాడు. కప్పు తీసి పెట్టాడు. మళ్ళీ వదులు చేశాడు. గొట్టం పైకి జరిపాడు, కిందికి జరిపాడు. నురగకు ఉలుకూ లేదు, పలుకూ లేదు.

సాయంత్రం ఆసుపత్రికి వెళితే ఆమె మొదటి మాటే అది.

"ఎన్నిసార్లు ముట్టుకున్నావు?"

"ఒక్కసారి."

"కత్తెరా."

"ఏడెనిమిది సార్లు ఉంటుందిలే."

ఆమె దిండుకి ఆనుకుని పొట్టమీద చెయ్యి వేసుకుని నవ్వింది, జాగ్రత్తగానే. "అది కొత్తదయ్యా. దాని ఒంటికి ఫ్యాక్టరీ జిడ్డు ఉంటుంది. నీళ్ళకి అలవాటుపడి, లోపల సన్నటి పొర కట్టాలి. అప్పటిదాకా ఒకరోజు అలుగుతుంది, ఒకరోజు పొంగుతుంది. పైగా నీ చేతులు! పొద్దున్నుంచీ జనాల తలలకి నూనె మర్దనా చేసి, అదే చేత్తో దాన్ని నిమిరితే నురగ ఎక్కడ నిలుస్తుంది? నూనె తగిలితే చచ్చిపోతుంది."

అతను తన చేతులు చూసుకున్నాడు. ఈ చేతులకి నూనె వదలడం ఎలాగా అని ఇంటికి వెళ్ళేదాకా అదే ఆలోచన.

మర్నాడు పొద్దున్నే సెలూన్లో వాడే షాంపూ సీసా తెచ్చుకుని, మోచేతుల దాకా పట్టించి, కిర్రుమనేటట్టు రుద్దాడు. అప్పటికే ఆలస్యమైంది. రెండు చెంబుల నీళ్ళు గుమ్మరించుకుని, స్కిమ్మరు కొంచెం వంకరగా ఉన్నట్టుందని కింది తొట్టిలో చేతులు ముంచి సరిచేసి, తృప్తిగా సెలూన్‌కి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఒకాయనకి గడ్డం గీస్తుంటే ఫోను మోగింది. ఇంటి నంబరు. అత్తగారు అతనికి ఫోను చేయడం ఆ నాలుగేళ్ళలో అదే మొదటిసారి. అటునుంచి కాసేపు ఊపిరి తప్ప ఏమీ వినబడలేదు.

"ఇక్కడ చేపలకి బాగోలేదు," అంది ఆవిడ గొంతు చివరికి, గాలితో చెబుతున్నట్టు. "ఎవరైనా వస్తే బాగుండు." పెట్టేసింది.

అతను ఆ గడ్డం ఎలా పూర్తిచేశాడో అతనికే తెలియదు. రెండు వీధులూ పరుగే.

తలుపు తీసేసరికి హాలంతా నురగ. బీరువా తలుపుల సందుల్లోంచి చాకిరేవులా పొంగుకొస్తోంది. బకెట్ ఎప్పుడో నిండి పొర్లిపోయింది. చిన్న తొట్టిలో నీళ్ళు అడుగంటి, పైకి నీళ్ళు తోడే మోటారు గాలి మింగుతూ గరగరమంటోంది. అత్తగారు పాత దుప్పట్లన్నీ నేలమీద పరిచి, మధ్యలో చీపురు పట్టుకుని నిలబడి ఉంది.

అతను బీరువా వైపు దూకబోయాడు.

"ఆగు! తడిలో నిలబడి ప్లగ్గు ముట్టుకోకు! ముందు మెయిను తియ్యి!"

ఆ గొంతుకి మైదానంలో పిల్లలెలా ఆగేవాళ్ళో అల్లుడూ అలాగే ఆగాడు. ఆగినవాడు సబ్బునీళ్ళమీద ఆగాడు. కాళ్ళు రెండూ ముందుకు పోయాయి, మనిషి వెనక్కి వచ్చి నడుము మీద కూలబడ్డాడు.

"దెబ్బ తగిలిందా, బాబూ?" ఆవిడ చీపురు పారేసి వంగింది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆవిడకి అప్పుడు గుర్తొచ్చినట్టుంది. నిటారుగా నిలబడి తొట్టి వైపు తిరిగింది. కానీ అన్నమాట వెనక్కి ఎలా తీసుకుంటుంది?

అతను కుంటుతూ వెళ్ళి మెయిను తీశాడు, స్కిమ్మరు ప్లగ్గు పీకాడు, మళ్ళీ కరెంటు ఇచ్చాడు. సరిగ్గా అప్పుడే జేబులో ఫోను మోగింది. భార్య.

"ఎలా ఉంది నా స్కిమ్మరు?"

"బుద్ధిగా ఉంది," అన్నాడు, ప్యాంటు నుంచి ఉప్పునీళ్ళు కారుతుండగా. "ఒక్క చుక్క చిందలేదు."

"నిమ్మకాయ?"

తొట్టి మూల నిమ్మకాయ మొప్పలు గబగబా కొట్టుకుంటూ రాయికి ఆనుకుని ఉంది. జోకర్లు రెండూ పగడపు గుబురులోకి దూరిపోయాయి. "హాయిగా తిరుగుతోంది. నువ్వు మందు వేసుకున్నావా? బీపీ ఎంతుంది?"

"ఇవాళ కొంచెం తగ్గిందన్నారు. అమ్మేం చేస్తోంది?"

అతను తలెత్తాడు. అత్తగారు కళ్ళార్పకుండా అతన్నే చూస్తోంది. "అత్తయ్యనే అడుగు," అని ఫోను ఆవిడ చెవి దగ్గర పెట్టాడు.

"నేనా? ఇల్లు తుడుస్తున్నానే, అమ్మడూ," అంది ఆవిడ.

ఫోను పెట్టేశాక అతను చేపల దుకాణం ఆయనకి చేశాడు. ఆయన అంతా విని, షాంపూ మాట రాగానే "అయ్యో బాబూ!" అన్నాడు. "స్కిమ్మరు బయటికి తీసి వెనిగరు కలిపిన నీళ్ళలో కాసేపు తిప్పండి. మంచినీళ్ళతో కడగండి. తొట్టిలో బొగ్గుపొడి సంచి వేలాడదీయండి, సబ్బు లాగేస్తుంది. కొత్తగా ఉప్పునీళ్ళు కలిపి కొంత మార్చండి. ఆ తర్వాత దయచేసి దాన్ని ముట్టుకోకండి."

పెద్ద డ్రమ్ములో నీళ్ళు పట్టారు. అతను ఉప్పు పోస్తుంటే ఆవిడ కర్రతో కలిపింది. ఆవిడ చేయి నొప్పెడితే అతను కర్ర అందుకున్నాడు. వంటింటి కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ డ్రమ్ములో పడి, కరుగుతున్న ఉప్పు పొగలా కనిపిస్తోంది. 

"ఎంత నున్నగా చెప్పావు అబద్ధం!" అంది ఆవిడ ఉన్నట్టుండి. చేపలకి కాదు, అతనికే.

"బీపీ పెరుగుతుందని, అత్తయ్యా."

"అప్పుడూ ఇంతేనా?"

అతని చేతిలో కర్ర ఆగింది.

అప్పుడంటే నాలుగేళ్ళ కిందట. మొదటి బిడ్డ అయిదో నెలలోనే పోయింది. ఆవిడకి కబురు అందేసరికి అంతా అయిపోయింది. పరుగెత్తుకుని వస్తే కూతురు గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నాకెందుకు చెప్పలేదు బాబూ అని అల్లుణ్ణి అడిగింది. అతను తల వంచుకుని, "తోచలేదత్తయ్యా," అన్నాడు. ఆ ఒక్కమాటే ఆవిడ గుండెలో ముల్లై కూర్చుంది. కన్నతల్లికి చెప్పాలని తోచనివాడితో తనకేం మాటలని ఊరుకుంది.

"తోచకనా చెప్పలేదు? లేక చెప్పొద్దన్నారా?"

"ఉప్పు కరిగిందత్తయ్యా. ఇక చాలు."

"నేనడిగేది ఉప్పు సంగతి కాదు."

అతను డ్రమ్ములోకే చూస్తూ అన్నాడు: "అయిపోయిందిగా అత్తయ్యా. ఇప్పుడెందుకు అదంతా?"

ఆవిడ మరి అడగలేదు. ముప్ఫై ఏళ్ళు పిల్లలతో వేగిన మనిషికి, స్నేహితుడి తప్పు తన మీద వేసుకుని నిలబడే పిల్లాడి మొహం ఎలా ఉంటుందో తెలియకపోదు. చెంబు తీసుకుని డ్రమ్ములోంచి బకెట్లోకి నీళ్ళు తోడడం మొదలుపెట్టింది. కొంచెంసేపటికి అంది, "నువ్వు నడుం పట్టుకుని వంగుతున్నావు. బరువు నేనెత్తుతాను. నువ్వు పక్కకి జరుగు."

"వద్దత్తయ్యా."

"జరుగు అన్నానా!"

జరిగాడు.

సాయంత్రానికి నిమ్మకాయ మొప్పలు నెమ్మదించాయి. పొద్దు వాలేవేళకి జోకర్లలో ఆడది బయటికి వచ్చి, ఎవరు నా ఇల్లు కదిపారన్నట్టు అద్దాన్ని పొడిచింది. కడిగిన స్కిమ్మరును మళ్ళీ నిలబెట్టి, ప్లగ్గు పెట్టి, మర పూర్తిగా తెరిచి, బీరువా తలుపు మూశారు.

ఆ తర్వాత మొదలైంది అసలు కష్టం. ఏమీ చేయకుండా ఉండడం.

అల్లుడి చేతులు ఊరుకునే రకం కాదు. సెలూన్లో పని లేకపోతే ఖాళీ కుర్చీకి తువ్వాలు కప్పి మళ్ళీ తీసే మనిషి. పొద్దున లేవగానే కాళ్ళు బీరువా వైపే నడిచేవి. అత్తగారు ఎక్కడున్నా పసిగట్టేది. స్నానాల గదిలో ఉన్నా, మేడమీద ఉన్నా, "ఏయ్!" అని ఒక్క కేక. ఒకసారి పెట్టెలోంచి పాత ఈల తీసి మరీ ఊదింది. అతను ఉలిక్కిపడి చేతిలో టీ ఒలకబోసుకున్నాడు.

"చూడ్డం కూడా తప్పేనా, అత్తయ్యా?"

"చూడు. చేతులు వెనక్కి కట్టుకుని చూడు."

అలా ఇద్దరూ చేతులు వెనక్కి కట్టుకుని, బీరువా తలుపు తెరిచి, మ్యూజియంలో బొమ్మని చూసినట్టు చూసేవాళ్ళు. ఒకరోజు గొట్టంలో నీళ్ళే తప్ప నురగ లేదు. ఒకరోజు పెద్ద పెద్ద బుడగలు మెడదాకా వచ్చి టప్పున పగిలిపోయాయి. ఇంకోరోజు కప్పులో పల్చటి నీళ్ళు పడ్డాయి. "ఇదేమిటి, జలుబు చేసినట్టు?" అంది ఆవిడ. అతను నవ్వాడు. చూస్తూ చూస్తూ మాటలు వేరే దారి పట్టేవి. కూతురు చిన్నప్పుడు పరుగుపందెంలో గెలిచేదాకా వచ్చి, వెనకబడిన పిల్లకోసం ఆగిపోయిన సంగతి ఆవిడ చెప్పింది. మొదటిసారి సెలూన్‌కి వచ్చి, "మీ అద్దంలో మనిషి వంకరగా కనిపిస్తున్నాడు, సరిచేసుకోండి" అని ఆమె దబాయించిన సంగతి అతను చెప్పాడు. ఆ పిల్ల ఎవరిని పెళ్ళాడినా సుఖపెట్టదని అప్పుడే అనుకున్నానత్తయ్యా అంటే, "మరెందుకు చేసుకున్నావు?" అంది ఆవిడ. "అద్దం నిజంగానే వంకరగా ఉంది," అన్నాడు.

ఒక ఉదయం అతను గడ్డం గీసుకుంటుంటే హాల్లోంచి పిలుపు వచ్చింది.

"బాబూ! ఇలా రా! తొందరగా!"

సగం గడ్డం సబ్బుతోనే పరుగెత్తాడు. ఆవిడ అతన్ని చూసి గుమ్మం దగ్గరే ఆపింది. "ఆ సబ్బు మొహంతో దగ్గరికి రాకు. అక్కణ్ణించి చూడు."

మెడలో నురగ నిలబడి ఉంది. పగలడం లేదు, పరుగెత్తడం లేదు. చిక్కగా, మీగడలా, ఒకదాన్నొకటి నెట్టుకుంటూ నిదానంగా పైకెక్కి అంచు దాటుతోంది. కప్పు అడుగున కాఫీ డికాక్షన్ లాంటి నల్లటి నీళ్ళు. ఆవిడ కప్పు తీసి వాసన చూసి, తల వెనక్కి విరిచింది.

"అబ్బా! ఏం కంపు! దీనికోసమా మనం తపస్సు చేసింది?"

"అదే కావాలత్తయ్యా! ఎంత కంపైతే అంత మంచిది!"

ఆవిడ నవ్వింది. ఈసారి మొహాన్ని నిలబెట్టుకోవాలని చూడలేదు.

ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి ఆసుపత్రికి వెళ్ళారు. అతను ఫోనులో కప్పు ఫోటో చూపించాడు. ఆమె దాన్ని పెద్దది చేసి, కళ్ళజోడు సర్దుకుని, ఒక అద్దాన్ని పరీక్షించినట్టు పరీక్షించింది. "రంగు బాగుంది," అని తేల్చింది. తర్వాత తల్లి వైపు తిరిగింది. "అమ్మా, ఆ రోజు ఎంత పొంగిందేమిటి?"

"ఏ రోజు?"

"నువ్వు మధ్యాహ్నంపూట ఇల్లు తుడిచిన రోజు. పుట్టినప్పటినుంచీ చూస్తున్నాను, నువ్వు పొద్దున తప్ప చీపురు పట్టవు."

అత్తా అల్లుడూ మొహాలు చూసుకున్నారు. "నాకెవరూ ఉప్పందించలేదులే," అంది ఆమె. "కొత్తది పొంగకుండా ఉండదు. మీరిద్దరూ కలిసి అబద్ధం చెబుతున్నారు కదా, చెప్పుకోనీ అని ఊరుకున్నాను." చెబుతూ చెబుతూ ఆమె గొంతు తగ్గింది. తల్లి చేయి పట్టుకుంది. "అమ్మా, అప్పుడు నీకు చెప్పొద్దన్నది నేనే. ఈయన కాళ్ళావేళ్ళా పడ్డాడు, చెబుతానని. నేనే ఒట్టు పెట్టాను."

"ఎందుకే?"

"నువ్వు ఏడవడం నేనెప్పుడూ చూడలేదమ్మా. నావల్ల ఏడుస్తావేమోనని భయమేసింది."

అత్తగారు కూతురి వేళ్ళు ఒక్కొక్కటే నిమురుతూ కూర్చుంది. బీపీ చూడడానికి నర్సు వచ్చి, పట్టీ చుట్టి, గాలి కొట్టి, వెళ్ళిపోయింది. నర్సు వెళ్ళాక ఆవిడ అంది, "ఏడుపు చూడ్డానికి ఏముందే, అందరిదీ ఒకలాగే ఉంటుంది." అని కళ్ళు తుడుచుకుంది. అల్లుడు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళబోతే చొక్కా పట్టుకుని ఆపింది. "నువ్వెక్కడికి? కూర్చో. ఇది ఒట్టు పెట్టింది సరే, నాలుగేళ్ళు ఆ మాట మోశావు చూడు, దానికేమనాలి నిన్ను?"

"కత్తెరా అనండత్తయ్యా, అలవాటే," అన్నాడు.

బీపీ మళ్ళీ ఎగబాకింది. నెలలు నిండడానికి ఇంకా కొంచెం ఉందనగా డాక్టరమ్మ ఇక ఆగకూడదంది. ఆ పొద్దున కూతురి దగ్గర ఉన్నది అత్తగారే. డాక్టరమ్మ మాట పూర్తికాకముందే ఆవిడ ఫోను తీసింది. సెలూన్లో అతను ఒక ముసలాయనకి జుట్టు కత్తిరిస్తున్నాడు, ఒకవైపు అయింది, ఇంకోవైపు కాలేదు.

"బాబూ, లోపలికి తీసుకెళుతున్నారు. నీకే ముందు చెబుతున్నాను. వచ్చెయ్," అంది.

కుర్చీలో ముసలాయన అద్దంలోంచే అతని మొహం చూసి, మెడచుట్టూ గుడ్డ తనే విప్పుకున్నాడు. "వెళ్ళవయ్యా. నా జుట్టు ఎక్కడికీ పోదు. రేపొచ్చి మిగతాది చేయించుకుంటా."

ఆసుపత్రి వరండాలో ఇద్దరూ బల్లమీద పక్కపక్కన కూర్చున్నారు. ఆవిడ తన సంచిలోంచి మంచినీళ్ళ సీసా తీసి ఇచ్చింది, అతను తాగి తిరిగి ఇచ్చాడు, ఆవిడ తాగింది. తలుపు తెరుచుకున్నప్పుడు ఇద్దరూ ఒకేసారి లేచారు.

"ఆడపిల్ల. బరువు కొంచెం తక్కువ, కానీ ఊపిరి బాగా తీసుకుంటోంది. తల్లి బాగుంది," అంది నర్సు. తెల్లగుడ్డలో చుట్టిన మూట ముందుకు చాపింది. అలవాటు ప్రకారం పెద్దావిడ వైపే చాపింది.

అత్తగారు చేతులు ముందుకు పెట్టలేదు. "ముందు వాళ్ళ నాన్నకి ఇవ్వమ్మా," అంది.

అతను చేతులు చొక్కాకి తుడుచుకుని అందుకున్నాడు. ఎక్కడ ఏది పట్టుకోవాలో తెలియక మోచేయి బిగుసుకుపోతే, ఆవిడ పక్కన చేరి అతని చేయి కింద తన చేయి ఆనించింది. కళ్ళు మూసుకుని మూతి ముడుచుకుని ఉంది పిల్ల. అతని చూపు మాత్రం తల మీదికే వెళ్ళింది. తడిసిన నల్లటి జుట్టు, ఒత్తుగా, చెవులదాకా. వంగి, ఊపిరి తగలకుండా చూశాడు.

"అత్తయ్యా," అన్నాడు గుసగుసగా, "రెండు సుడులు."

"ఏదీ, చూడనీ," అంటూ ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని అతని భుజం మీద నుంచి వంగింది.